గోడ స్విచ్

మంగళవారం, రాత్రి

ఈ ఉదయం కూడా కంప్యూటర్ మొండికేసింది. ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. చివరికి ఆ డబ్బాను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని నాంపల్లి మీదుగా అబిడ్స్ వెళ్ళాను.

రిపేరు షాపులో ఒక్కసారి మొరాయించి, ఆ తర్వాత నొక్కినప్పుడల్లా లేచింది. ఫిర్యాదు చేసిన నేనే అబద్ధాలకోరులా నిలబడ్డాను. షాపు నడిపే ఆవిడ నవ్వింది.

"గీడ మంచిగనే ఉంది గదక్కా! రాత్రి గోడ స్విచ్ ఎవరన్న బంద్ చేస్తరా?"

"మావారు," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"గదే మరి! లోపల చిన్న బ్యాటరీ పాతగైంది. కరెంటు బంద్ చేస్తే పొద్దుగాల అన్నీ మర్చిపోతది. కొత్తది సోమవారం వేస్త. అప్పటిదాంక సార్‌ను స్విచ్ ముట్టొద్దనుర్రి. వినకుంటే ఫోన్ కలుపుర్రి, నేనే జర గట్టిగ చెప్త."

నేనూ నవ్వాను.

రవి ఈ ఇల్లు వదిలి ఏడాది దాటింది. ఉన్నన్నాళ్ళూ పడుకునే ముందు గదిగదికీ తిరిగి స్విచ్‌లన్నీ ఆపేవాడు. 'వాచ్‌మన్ గారొచ్చారు' అని ఎగతాళి చేసేదాన్ని. ఆ తిరుగుడు నాకెప్పుడు అంటుకుందో గమనించనేలేదు. అలాంటప్పుడు ఆవిడతో చెప్పింది పూర్తిగా అబద్ధమేనా...

ఇందాక అలవాటుగా స్విచ్ మీద వేలు పెట్టాను. ఆపితే పొద్దున ఇది లేవదు. ఆపకపోతే రవి చేసే పని ఈ ఇంట్లో ఇంకేదీ మిగలదు.

ఆపకుండానే వచ్చి ఇది రాస్తున్నాను. చెయ్యి మాత్రం ఇంకా ఊరుకోవడం లేదు.