బెల్లం వండితే రైతు కాదా

చందూర్,
బుధవారం.

చి.ల.సౌ. స్నేహలతకు,

చందూర్‌లోని నీ ఇంటి నుంచి మల్లికార్జున్ రాసేది. అవ్వ, వర్ష, నేను, పెరట్లో బర్రెలు, అందరం బాగున్నాం. నువ్వు కూడా ఆ మస్కట్ ఎండకూ ఆసుపత్రి ఏసీకీ మధ్య నలిగిపోకుండా బాగున్నావని తలుస్తున్నాం. ముందు ఈ మాట రాయందే ఉత్తరం సాగదని అవ్వ పక్కనే కూర్చుని చెప్పింది, అందుకని రాశాను. ఇప్పుడు లేచి పక్కింటికి పోయింది కాబట్టి మిగతాది నా ఇష్టం.

ఫోన్ చేతిలో పెట్టుకుని ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు అంటావు, అంతలో నీకు డ్యూటీ వేళవుతుంది. కమ్మర్‌పల్లి రాజేష్ సెలవు అయిపోయి శుక్రవారం విమానం ఎక్కుతున్నాడు. చింతకాయ తొక్కు, పసుపు, ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. తొక్కు తోటి నర్సులకు పంచుతావో ఏం చేస్తావో నీ ఇష్టం, ఉత్తరం మాత్రం నువ్వొక్కదానివే చదువు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. అవ్వ మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు పంపిన తైలంతో తగ్గిందని నేనంటాను, కూర్చోకుండా వాడంతా తిరగబట్టి తగ్గిందని ఆమె అంటుంది. వర్ష ఇంటర్ పరీక్షలకు బాగానే చదువుతోంది. నిన్ను చూసి నర్సు అవుతానన్న పిల్ల, మన కేసు సంగతి విన్నప్పటి నుంచి నల్లకోటు వేసుకుంటానంటోంది. నేను వేళకు తింటున్నాను. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు, ఒక్క లైన్‌మన్‌తో తప్ప, అది కూడా చిన్నదే.

ఇక నీ పెద్ద ప్రశ్న. ఆసుపత్రి వాళ్ల కాంట్రాక్టు మీద ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమంటావా వద్దా అని అడిగావు. నెలాఖరులోగా చెప్పాలన్నావు. కేసు ఓడితే పన్ను కట్టడానికి నీ జీతం తప్ప వేరే దారి లేదని, గెలిస్తే ఆ రోజే టికెట్ కొంటానని రాశావు. దానికి జవాబు చివర రాస్తాను. నీ బుద్ధి నాకు తెలుసు, ముందే చివరి కాగితం తిప్పకు.

మొన్న ఫోన్లో గెలిచామని చెప్పాను. నువ్వు ఏడ్చేసరికి, టికెట్ కొనడానికి నా ఉత్తరం వచ్చేదాకా ఆగమని మాట మార్చేశాను. ఎలా గెలిచామో చెప్పనే లేదు. మొదటి నుంచి మొదలుపెడితే తప్ప నాకు చెప్పడం రాదు కాబట్టి తెలిసినవి మళ్లీ వచ్చినా ఓపిక పట్టు.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మనవైపు చాలామంది చెరకు మాని వరికి పోయారు. నేను మొండికేసి చెరకే వేశాను, గానుగ పెట్టాను, పొయ్యి కట్టి బెల్లం వండాను. బ్యాంకులో పడ్డ బెల్లం డబ్బు చూసి ఆదాయపు పన్ను వాళ్లు నోటీసు పంపితే, వ్యవసాయానికి పన్ను లేదు కదా, ఇది వ్యవసాయమే అన్నాను. చెరకు పండించడం వ్యవసాయం, దాన్ని బెల్లం చేయడం వ్యాపారం, వ్యాపారానికి పన్ను కట్టాల్సిందే అన్నాడు ఆఫీసరు. నాకు ఒళ్లు మండిపోయింది. పొయ్యి ముందు చెమటలు కక్కేవాణ్ని పట్టుకుని సేటు అంటే మండదా మరి. పైకి అప్పీలు చేస్తే అక్కడా అదే మాట వచ్చింది. ఆ అప్పీలులో మనిషి ముఖమే కనబడదు, అంతా కంప్యూటర్‌లోనే.

నిజామాబాద్‌లో ఆడిటర్ సుష్మ మేడం లేకపోతే అక్కడే చేతులెత్తేసేవాణ్ని. ఆమె నన్ను కూర్చోబెట్టి చెప్పింది. “అన్నా, గీడితోని అయిపోలే. హైదరాబాద్‌ల ట్రిబ్యునల్ ఉన్నది. అండ్ల ఇద్దరు కూసుంటరు. ఒకరు చట్టం తెలిసినోళ్లు, ఒకరు లెక్కలు తెలిసినోళ్లు. వాళ్లు పన్నులోళ్ల కింద పనిచేసేటోళ్లు కారు. మీరు చెప్పేది ఇంటరు.” వింటారన్న మాట నేను నమ్మలేదు. సర్కారు మీద సర్కారు పెట్టిన కోర్టులోనే ఫిర్యాదు చేస్తే ఎవరు వింటారు అనుకున్నాను. కానీ ముందు వాళ్లు చేసిన పని ఏమిటో తెలుసా, తీర్పు వచ్చేదాకా మన దగ్గర వసూలు చేయొద్దని ఆపారు. ఆ రోజు అవ్వ కడుపునిండా తిన్నది.

వాదన రోజు బస్సు ఎక్కబోతుంటే అవ్వ బెల్లం ముద్దలు మూటకట్టి తెచ్చింది. “ఉత్త చేతులతోని పోతే ఏం బాగుంటది బిడ్డా. జడ్జిలకు తలా ఇంత ఇయ్యి. నోట్లేసుకుంటే గాళ్లకే తెలుస్తది, మనది వ్యాపారమా కష్టమా అని.” నాకూ అందులో తప్పేం కనబడలేదు. మన దగ్గర ఎవరింటికైనా చేతులూపుకుంటూ పోతామా. మెట్ల దగ్గర ఆ మూట చూసి సుష్మ మేడం నాకు అడ్డం నిలబడింది. “అన్నా, మీ కాల్మొక్కుత, గది లోపలికి తేకుండ్రి. కేసు గిక్కణ్నే మునుగుతది.” కింద చాయ్ బండి ఆయన దగ్గర మూట పెట్టి పైకి పోయాను.

పోలీసులుంటారా, జడ్జి తిడతాడా అని అడిగావు కదా. పోలీసులు లేరు, తిట్లు లేవు. ఎత్తైన బల్ల వెనక ఒకామె, ఒకాయన కూర్చున్నారు. మనకంటే ముందు ఏదో పెద్ద కంపెనీ కేసు నడిచింది. కోట్లు తొడుక్కున్న వకీళ్లు వరుసగా నిలబడ్డారు. ఇక మనల్ని ఎవరు పట్టించుకుంటారు అనుకున్నాను. కానీ లతా, ఆ కంపెనీ వాళ్లను ఎంత మర్యాదగా విన్నారో, మన పేరు పిలిచాక మనల్నీ అంతే మర్యాదగా విన్నారు. మన కాగితాలు ఇంటి దగ్గరే చదువుకుని వచ్చారు. పేజీలు తిప్పుతుంటే మధ్య మధ్య పెన్సిల్ గీతలు కనబడ్డాయి. నా బతుకు గురించి అంత చదువుకున్నవాళ్లు కూర్చుని గీతలు గీసి చదవడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

పన్నుల శాఖ తరఫున ఒక సన్నటాయన వాదించాడు. వరి కోస్తే నూర్చాలి, పసుపు తవ్వితే ఉడకబెట్టి ఎండబెట్టాలి, లేకపోతే కొనేవాడు ఉండడు, కాబట్టి అవన్నీ వ్యవసాయంలో భాగమే అన్నాడు. చెరకు అలా కాదు, గడగానే అమ్ముడుపోతుంది, బెల్లం చేయడం దాని మీద చేసే వ్యాపారం అన్నాడు. ఎంత చక్కగా చెప్పాడంటే, నిజమే కదా అని నాకే అనిపించింది.

అప్పుడు ఆ జడ్జి మేడం తల ఎత్తి, “మీ ప్రాంతంలో చెరకును చెరకుగా ఎవరు కొంటున్నారు?” అని తెలుగులోనే అడిగింది. సుష్మ మేడం లేవబోతే, “ఆయన్ని చెప్పనివ్వండి” అంది.

లేచి నిలబడి చెప్పాను. “ఫ్యాక్టరీ నడిసినన్ని దినాలు గదే కొన్నది మేడం. గిప్పుడు గేటుకు తాళమున్నది. దూరం ఫ్యాక్టరీకి పంపుదమంటే లారీ కిరాయిలనే పోతది. తొవ్వల గడ ఎండి తూకం పోతది. కొట్టిన చెరకు ఆగదు కదా. గానుగల పెట్టకుంటే పొయిలకే.”

సన్నటాయన ఊరుకోలేదు. “రసం బండ్ల వాళ్లు కొంటారు కదా?”

“కొంటరు సార్. బోధన్ బస్టాండ్ కాడి బండ్లన్ని కలిసి ఎండకాలమంత తాగిపిచ్చినా నా చేనుల ఒక మూల గూడ ఖతం కాదు.”

బల్ల వెనక ఇద్దరూ నవ్వారు. సన్నటాయన కూడా నవ్వి కూర్చున్నాడు. వాదన అక్కడితో ఆగిపోతే బాగుండేది. ఇంట్లో అందరికీ అక్కడిదాకే చెప్పాను. నీకూ అంతే చెప్పి ఊరుకుందామనుకున్నాను, కానీ నిద్ర పట్టడం లేదు.

ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. “వండిందంతా మీ చేలో చెరకేనా?”

కాగితాల్లో అంతా మనదే అని ఉంది. అబద్ధం రాయాలని రాయించింది కాదు. చెరకు ఎవరిదైనా, ఎవరి పొయ్యి మీద వండితే ఆ బెల్లం వాళ్లదనడమే మనవైపు రివాజు. సుష్మ మేడం అడిగినప్పుడు అలవాటుగా అంతా మాదే అన్నాను. జడ్జి మేడం చేను పేరు ఎత్తి అడిగేసరికి లక్ష్మీరాజం చెరకు కళ్ల ముందు నిలబడింది. ఆయన భార్య ఆపరేషన్‌కు దవాఖానలో ఉంటే, ఎండిపోతున్న పంటను మనమే కొని వండాం కదా. అప్పుడు డబ్బు పంపింది కూడా నువ్వే.

ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. లతా, ఆ క్షణంలో నాకు నువ్వే గుర్తొచ్చావు. నోరు విప్పితే కేసంతా పోవచ్చు, పోతే నువ్వు ఇంకో రెండేళ్లు ఇంటికి రావు. అది తెలిసే నోరు విప్పాను. నిన్ను అడగకుండా నిన్ను పణంగా పెట్టాను. ఫోన్లో చెప్పలేకపోయిన మాట ఇదే.

ఎందుకు చెప్పావని అడుగుతావు. నా మాటను అంత శ్రద్ధగా విన్నవాళ్లు నా పుట్టుకలో ఎవరూ లేరు. అలా వింటున్న మనిషి ముందు అబద్ధం ఆడటం నా వల్ల కాలేదు, అంతకంటే పెద్ద కారణం లేదు.

“మేడం, ఒక్క యాడాది పక్క చేను లక్ష్మీరాజం చెరకు కొని వండిన. గది మా చెరకు కాదు” అన్నాను. సుష్మ మేడం కళ్లు మూసుకుంది. ఇక సన్నటాయన లేచి, మిగతాదంతా కూడా కొన్నదే కావచ్చని అంటాడనుకున్నాను. అనలేదు. “ఈ విషయం మా రికార్డులో లేదు, ఆయనంతట ఆయనే చెప్పారు” అని మాత్రం అన్నాడు. తర్వాత చాయ్ బండి దగ్గర కనబడితే ఒక బెల్లం ముద్ద ఇవ్వబోయాను. “తీర్పు రాలేదు కదండీ, వద్దు” అని చేతులు జోడించి పోయాడు. ఎదుటి పక్షం మనిషికి మనసులో దండం పెట్టుకోవడం నాకు అదే మొదలు.

తీర్పు వచ్చాక సుష్మ మేడం చదివి చెప్పింది. మన దగ్గర చెరకును చెరకుగా అమ్ముకునే దారి లేదు కాబట్టి, మన చేలో చెరకుతో వండిన బెల్లం వ్యవసాయమే, దానికి పన్ను లేదు. కొన్న చెరకుతో వండింది వ్యాపారం, దానికి పన్ను, వడ్డీ కట్టాలి. ఇంకో మాట కూడా రాశారు. మిగిలిన చెరకంతా మల్లికార్జున్‌దేనని చూపే కాగితాలు తక్కువే అయినా, తనకు నష్టం కలిగే నిజాన్ని తానే చెప్పిన మనిషి మాటను నమ్మకపోవడానికి కారణం కనబడటం లేదని. ఆ వాక్యాన్ని ఆమె రెండుసార్లు చదివింది. నువ్వు పక్కన ఉండి వినాల్సింది. సర్కారు వేసిన పన్ను తప్పని చెప్పే మనుషులను సర్కారే పెట్టుకున్నది చూడు, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కట్టాల్సిన పన్ను చిన్నదేం కాదు, కానీ కట్టేశాను. వచ్చే సీజనుకు మన గానుగ లక్ష్మీరాజానికి కౌలుకిచ్చి, ముందే తీసుకున్న డబ్బుతో కట్టాను. ఈసారి ఆయన దగ్గర నేను కూలికి బెల్లం వండుతాను. రైతు అని తీర్పు తెచ్చుకున్న ఏడాదే కూలికి పోతున్నావా అని అవ్వ నవ్వి నవ్వి దగ్గింది. నాకు నామోషీ ఏం లేదు.

ఇక నీ ప్రశ్నకు జవాబు. సంతకం పెట్టకు. డబ్బు కోసం నువ్వు అక్కడ ఉండాల్సిన పని తీరిపోయింది. నువ్వు లేక నాకు ఏదీ బాగాలేదు, ఇది ఏ కోర్టులో నిలబెట్టినా చెప్తాను. నిన్ను పణంగా పెట్టినందుకు నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. కానీ ఫోన్లో తిట్టకు. ఇంటికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని తిట్టు. ఒక్క మాట అడ్డం రాకుండా వింటాను.

ఇట్లు,
నీ పెనిమిటి, వర్ష బాపు,
మల్లికార్జున్