గుండ్రటి గదిలో నాలుగు మూలలు

అయ్యా సూపరింటెండెంటు గారూ,

సముద్రం నడిమధ్య లైట్‌హౌస్ నుంచి దీపం కాపలాదారు నమస్కారాలు. ఊళ్ళో ఉన్న మా ఆవిడకి నెలలు నిండాయి. తొలిచూలు. నా బదులు ఓ మనిషిని పంపి సెలవిప్పించండి.

ఇట్లు, విధేయుడు.

తా.క.: నిప్పంటుకుంటే ఆర్పడానికి పంపిన ఇసుక బకెట్లు అందాయి. ప్రతి గదికీ నాలుగు మూలలా పెట్టమన్నారు. ఇక్కడ గదులు గుండ్రం. మూలల్లేవు.

---

కాపలాదారుకు,

లేకపోవడమేమిటి? ఆఫీసు ప్లానులో గదికి నాలుగేసి మూలలు నిక్షేపంలా ఉన్నాయి. అవి ఏమయ్యాయో తేలేదాకా సెలవు మాటెత్తకు.

ఇట్లు, సూపరింటెండెంటు.

తా.క.: ఎవరికైనా ఎరువిచ్చి ఉంటే వెంటనే తెప్పించు.

---

అయ్యా,

ఆ ప్లాను తాతలనాటి మొదటి లైట్‌హౌస్‌ది. చెక్కతో నలుచదరంగా కట్టారట. అలలు చదును గోడల్ని గుద్దీ గుద్దీ, ఒక తుఫానులో మొత్తం ఊడ్చుకుపోయాయి. అందుకే రెండోసారి రాతితో గుండ్రంగా, అడుగున లావుగా, పైకి పోనుపోను సన్నంగా కట్టారు. రాయిలోకి రాయిని గాడి తీసి బిగించారు. ఇప్పుడు అల వచ్చి పక్కలకి జారిపోతుంది. మూలలే ఉంటే ఈపాటికి నేనుండేవాణ్ణి కాదు. మా ఆవిడ భయపడుతోంది, దయచూడండి.

ఇట్లు, విధేయుడు.

తా.క.: బకెట్లు గోడవారన పెట్టాను. వచ్చేపోయేటప్పుడు కాళ్ళకి తగులుతున్నాయి, అదొక్కటే కాలక్షేపం.

---

కాపలాదారుకు,

అంటే, పాత కట్టడాన్ని అనుమతి లేకుండా కూల్చారన్నమాట! నీ మాట నమ్మను. నేనే పడవేసుకుని వచ్చి మూలలు వెతుకుతాను.

ఇట్లు, సూపరింటెండెంటు.

తా.క.: సముద్రం చేత సంజాయిషీ రాయించి సిద్ధంగా ఉంచు.

---

కాపలాదారు గారికి,

నేను గది గదికీ గోడలు తడుముకుంటుంటే, మీరు "బదులు మనిషొచ్చాడు!" అని కేకేసి నా పడవెక్కి వెళ్ళిపోయారు. దీపాన్ని వదిలి కదలకూడదని రూలు రాసింది నేనే. ఏం చేస్తాను, వెలిగిస్తున్నాను. నిన్న తుఫానొచ్చింది. అల కొట్టినప్పుడల్లా గోడలు వణికాయి, నేను వణికాను. గోడలు మాత్రం నిలబడ్డాయి. ఎవరు కట్టారో గానీ వాళ్ళ కడుపు చల్లగుండ! మూలలు లేవని ఒప్పుకుంటున్నాను. సెలవు మంజూరు. ఈ ఉత్తరాన్ని తాడుకు కట్టి చేపల పడవలోకి దించాను. నన్ను కూడా దించుకోమంటే "మరి దీపం ఎవరు చూస్తారు?" అని పడవవాడు కసిరి పోయాడు. బిడ్డ క్షేమమా? ఆడపిల్లా, మగపిల్లాడా? రాయండి, మనసంతా అక్కడే ఉంది.

ఇట్లు, మీ బదులు మనిషి.

తా.క.: భయమేసి కాసేపు నక్కి కూర్చుందామంటే, ఈ కొంపలో ఒక్క మూలైనా లేదేమిటండీ!