'ఎదురుచూపు' అనే కంచుబొమ్మ

అమ్మకు,

పారిస్ నుంచి నీ ఫిర్మెన్ రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి రాసేది. ఇక్కడ కులాసాయే. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని పక్కింటి పాస్కలీన్ వదిన చేత రాయించావు, సంతోషం.

నా దగ్గు సంగతి అడిగావు. కంచు రజను పీల్చేవాడికి దగ్గు రాకపోతేనే వింత. పని ఉందా అన్నావు. ఊపిరి సలపనంత ఉంది. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మొగుడి పడవ కోసం చూసే బెస్తపిల్ల, నా 'ఎదురుచూపు', నీకు గుర్తుండే ఉంటుంది. పెళ్లయిన ఏడాది ఎలొదీని కిటికీ దగ్గర నిలబెట్టి మట్టితో చేశాను. పాపం, కాళ్లు తిమ్మిరెక్కి ఏడ్చేది. "కదలకు, ఇంకొక్క క్షణం" అంటూ వెలుగు పోయేదాకా నిలబెట్టేవాణ్ణి. పోత కార్ఖానా యజమాని దెలోర్జ్ దాన్ని కంచులో పోయించాడు. ఇప్పుడు కలిగినవాళ్ల ఇళ్లలో గడియారం పక్కన అదే. పోత పోసిన ప్రతి ముఖాన్నీ ఆకురాయితో నునుపు చేసేది నేనే.

నీ కోడలు రెండు ముక్కలైనా రాయదేమని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. తీరిక లేదని, వేలు తెగిందని అబద్ధాలు రాశాను. పాస్కలీన్ వదినా, ఇక్కణ్ణుంచి కాస్త గొంతు తగ్గించి చదువు. ద్రాక్షకోతల నాటి నుంచీ ఎలొదీ దెలోర్జ్ ఇంట్లో ఉంటోందమ్మా.

మొన్న ఆయన నన్ను పిలిచి, "మా ఇంటికో పెద్ద 'ఎదురుచూపు' బొమ్మ కావాలోయ్. కూలీలైతే గీతలు పెడతారు, నువ్వే పట్రా" అన్నాడు. ఎందుకెళ్లావురా అంటావు. ఆ బొమ్మ నాది గనక వెళ్లాను.

తలుపు తీసింది ఎలొదీయే. "కాస్త కిటికీ వైపు తిప్పండి" అంది, పరాయివాడితో అన్నట్టు. తిప్పాను. ఉండబట్టలేక, "మొగుడి కోసం కాచుకున్న ఆడదాన్ని ఇంట్లో పెట్టుకోడానికి నీకు సిగ్గు లేదూ?" అన్నాను.

"నాకెందుకు సిగ్గు? మీరు కాపురం చేసింది దీనితోనేగా! నేను జ్వరంతో పడుంటే, పడుకున్న ముఖం బాగుందని బొమ్మ గీసుకున్నారు. నుదుటి మీద చెయ్యేశారా ఒక్కసారి?"

ఇంతలో దెలోర్జ్ లోపల్నుంచి వచ్చి, "దీనికి జోడీ చెయ్యవయ్యా! తిరిగొచ్చిన మొగుణ్ణి అటుపక్కన పెడదాం" అని పకపకా నవ్వాడు. ఎలొదీ నవ్వలేదు. నాకోసం ద్రాక్షసారా పోసింది. ముట్టుకోకుండానే వచ్చేశాను.

అయినా ఒప్పుకున్నానమ్మా. మట్టి తడిపాను. ఒళ్లు కుదిరింది, చేతులు కుదిరాయి, ముఖమే రావడంలేదు. ఇల్లు చేరిన మగవాడి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. నాన్న సైన్యం నుంచి తిరిగొచ్చిన పూట, గుమ్మంలో నిన్ను చూసినప్పుడు ఎలా ఉన్నాడో జ్ఞాపకముంటే రాయించు.

ఇట్లు,
నీ కొడుకు
ఫిర్మెన్