మొదట్లోనే ఉందన్నావు

నజ్మీన్‌కు అమ్మ దువాలు.

మార్టూరులో అందరం ఉన్నాం. నువ్వు బాగున్నావని తలుస్తాను. మీ హాస్టల్లో ఫోన్ ఇవ్వకపోవడమే మంచిదైంది. ఫోన్లో అయితే అరిచేసేదాన్ని. ఉత్తరంలో అరవడం నాకు చేతకాదు.

పచ్చడి అయిపోయిందని రాశావు. పండుమిరప పచ్చడి కొత్తది పెట్టాను, పంపిస్తా. సాంబారు నీళ్ళలా ఉన్నా కడుపు మాడ్చుకోకుండా తిను. మేక ఈనిందా అని అడిగావు. రెండు పిల్లలు. ఒకటి అచ్చం మీ మేనత్తలా అరుస్తోంది.

నాన్న పనికి వెళ్తున్నాడా అని కూడా అడిగావు. వారం నుంచి వెళ్ళడం లేదు.

దగ్గు ఎక్కువైతే బ్రాడీపేట డాక్టరు గారి దగ్గరికి మేమిద్దరమే వచ్చాం. "ఊపిరితిత్తుల జబ్బు ఇంటర్మీడియట్ స్టేజ్‌లో ఉందని అప్పుడే చెప్పాను కదమ్మా, మళ్ళీ ఆ రాతి దుమ్ములోకి ఎందుకు పంపారు?" అని కోప్పడ్డారు. "మొదట్లోనే ఉందిగా అండీ" అన్నాను. "మొదలు ఎప్పుడో దాటిపోయింది. ఇది మధ్య దశ. దుమ్ములోనే ఉంటే ముదిరిపోతుంది. మీ అమ్మాయికి విడమరచి చెప్పాను" అన్నారు.

రంజాన్ ముందు అదే ఆసుపత్రి వరండాలో నిన్ను అడిగాను, ఆ ఇంటర్మీడియట్ అన్న మాటకు అర్థమేమిటే అని. "మొదట్లోనే ఉందంట అమ్మా, భయం లేదు" అన్నావు. పదికీ డిగ్రీకీ మధ్యన చదివేది ఇంటరని నాకు తెలియదా? తెలుసు. అయినా చెప్పింది నువ్వు కదా అని నమ్మాను. నమ్మి, క్యారేజీ కట్టి నా చేతులతో ఆ రాళ్ళ పాలిషింగ్ యూనిట్‌కి పంపాను. రాగానే దుమ్ము దిగిపోతుందని బెల్లం ముక్క పెట్టాను. ఆయన నా ముఖం చూడకుండా తినేవాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

మీ నాన్నను నిలదీశాను. "నేనే చెప్పొద్దన్నాలేవే. నువ్వు పని మానిపిస్తే దాని చదువు ఆగిపోద్ది" అన్నాడు. తండ్రీకూతుళ్ళు కలిసి నన్ను పరాయిదాన్ని చేశారు. ఆయన మీద కోపం ఎప్పటికైనా తగ్గుతుందేమో. నీ మీద తగ్గడం లేదు. నేను అడిగింది నిన్ను.

చదువు మాత్రం మానొద్దు. నేను పర్చూరు వైపు మిరప కోతలకు వెళ్తున్నా. ఇల్లు నేను చూసుకుంటా.

శుక్రవారం మళ్ళీ బ్రాడీపేట వస్తాం. నువ్వు ఆసుపత్రికి రావద్దు. పక్కింటి షాజాదీని తీసుకొస్తున్నా. దానికి నీ అంత ఇంగ్లీషు రాదు. డాక్టరు ఏదంటే అదే చెబుతుంది.

ఇట్లు,
మీ అమ్మ
ఖుర్షిదా