తెర మీద అక్క మెడ

అక్కా,

నీ చెల్లెలు నమస్కరించి రాయడమేమంటే, నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ కులాసాయేనని మాత్రం రాయకు. నీ మెడ స్కాను నా దగ్గరే ఉంది.

గ్లాసులు చేజారుతున్నది వయసు వల్ల కాదే. మెడ ఎముకలు వెన్నుపామును నొక్కుతున్నాయి. నాన్చితే నడకా పోతుంది. ఆపరేషన్ తప్పదు.

"ఆపరేషనంతా యంత్రమే చేస్తే ఇక డాక్టరువని నువ్వెందుకు?" అని అడిగావు. యంత్రం కొయ్యదు, దారి చూపిస్తుందంతే. మనిషిని బోర్లా పడుకోబెట్టాక మెడ చుట్టూ తిరిగి బొమ్మ తీస్తుంది. దానికి ముందే ఎముకకు మేమొక గుర్తు బిగిస్తాం. కెమెరా ఆ గుర్తును చూస్తూ, నా చేతిలోని పనిముట్టు లోపల ఎక్కడుందో తెర మీద చూపిస్తుంది. ఒక పక్క వెన్నుపాము, ఇంకో పక్క మెదడుకు రక్తం మోసే నాళం. ఎముకలను కదలకుండా పట్టే స్క్రూ ఆ సందులోంచే పోవాలి.

గుర్తు కాస్త కదిలినా తెర అబద్ధమాడుతుంది, అదీ తడబడకుండా. అందుకే ప్రతి స్క్రూకీ ముందు తెలిసిన ఎముకనొకదాన్ని తాకి చూస్తాను. మొన్న ఒక పేషెంటు ఎముకను తాకితే, తెర మీద పనిముట్టు మొన గాల్లో తేలుతోంది. ఆపమన్నాను.

"మళ్లీ అనుమానమా మేడమ్! అద్దంలో చూసుకుని కూడా ఎవరీవిడ అంటారేమో," అన్నాడు మత్తు డాక్టరు.

"అన్నా అంటాను. ముందు బొమ్మ మళ్లీ తీయించండి."

గుర్తు నిజంగానే కదిలింది. ఎవరి మోచెయ్యో తగిలి ఉంటుంది. ఆ పేషెంటు ఇవాళ తన చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు.

"ఇంట్లో మాట్లాడే దిక్కుందా?" అన్నావు. లిఫ్టు ఉందిగా. తలుపు మూస్తున్నానని రోజూ చెబుతుంది. నేను సరే అంటాను.

ఇక ఇంతసేపూ దాటేసిన మాట. "నా మెడ నీ చేతిలోనే పెడతాను, పరాయివాళ్లను ముట్టుకోనివ్వను" అని రాశావు. అక్కా, నేను చెయ్యను. నిన్న నీ స్కాను తెర మీద ఎంత తిప్పినా నాకు ఎముక కనబడలేదు. జ్వరమొచ్చినప్పుడల్లా నేను చేతులు చుట్టి వేలాడిన మెడే కనబడింది. నా అనుమానం ఎక్కడో ఒకచోట ఆగుతుంది కాబట్టే పనికొస్తోంది. నీ దగ్గర అది ఆగదు. తాకిన ఎముకనే తాకుతూ ఉండిపోతాను. అమ్మ పోయాక నాకున్నది నువ్వొక్కదానివే.

నేను రోజూ పోట్లాడే మా సీనియర్ చేస్తాడు. నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది. తిట్టుకో, కానీ రా. ఇన్నేళ్లూ లోపలి నుంచి వచ్చి, బయట కుర్చీల్లో ఉన్నవాళ్లకు కబురు చెప్పినదాన్ని. ఆ రోజు నీ గాజులూ కళ్లజోడూ ఒళ్లో పెట్టుకుని నేనూ అక్కడే కూర్చుంటాను. లోపలి నుంచి ఎవరొచ్చినా లేచి నిలబడతాను.

ఇట్లు,
నీ అనుమానపు పక్షి,
చెల్లెలు