ఆకు కొన వేసిన వేరు

ఆగస్టు 2003, ఆదివారం

గౌరి పండగకి సున్నం కొట్టించాలని ఓనరమ్మ పొద్దున పెరటిగోడ గీకుతూ, కొళాయి పక్క పగుల్లో వానలకి లేచిన ఫెర్న్ మొక్క దగ్గర ఆగింది. "పూసేది లేదు, కాసేది లేదు. ఇది ఎందుకుండాదమ్మా ఈడ?" అంది. అంతలోనే నాలుక కరుచుకుంది. పెళ్లయి తొమ్మిదేళ్లయినా మాకు పిల్లల్లేరని ఆమెకి తెలుసు. "నిన్నన్లేదు తల్లీ," అంది.

ఆ సర్దుబాటుకే నాకు ఒళ్లు మండింది.

ఆకు తిప్పి, అంచు మడతలో ఉన్న గోధుమరంగు పొడి చూపించాను. పువ్వు లేకపోయినా ఆ పొడి గాలికి ఎగిరి, తడి ఉన్నచోట మొలుస్తుందని చెప్పాను. తోకలా సాగిన ఇంకో ఆకు కొన కింది ఇటుకని తాకి, అక్కడే వేరు వేసింది. ఆ కొన మీద ఓ చిన్న మొక్క.

ఓనరమ్మ వంగి చాలాసేపు చూసింది. "ఇదీ దాని బిడ్డేనా?"

"బిడ్డే," అన్నాను గట్టిగా. ఆమె మిగతా గోడంతా గీకింది, ఆ ఒక్క చోటు వదిలేసి.

వచ్చే వారం అనాథాశ్రమానికి వెళ్లి, దత్తత తీసుకోబోయే పాపని చూస్తాం. ఇంటికి తెచ్చుకున్నాక అత్తయ్య కూడా ఇదే మాట, "ఇదీ మీ బిడ్డేనా?" అని అడుగుతుంది. నేను జవాబు చెప్పగలను. ఆయన నాకంటే ముందు చెబితే బాగుండు.