ఒక పడవ, రెండిళ్ళు

ప్రియమైన బావకి,

పడవల క్లబ్బుకి కార్యదర్శివి కదా, మహమ్మారి పేరుతో నువ్వు రేవు గోడకి అంటించిన శాసనం చదివాను. జెట్టీ పొడవునా ఆరడుగులకో పసుపు గీత, పడవకీ పడవకీ మధ్య ఒక చోటు ఖాళీ. అంతవరకు సరే. "ఒక పడవలో ఒకే ఇంటివాళ్ళు" అట! మా చెల్లాయిని చేసుకున్న రోజున ఇక మనది ఒకే ఇల్లన్నది ఎవరు? నేను చదివిన చరిత్రల్లో పెద్ద శాసనాలన్నీ చిన్న పదవులవాళ్ళే రాయించారు.

ఒకరిని వదిలి ఒకరు వెళ్ళకూడదని నలభై ఏళ్ళుగా తెరచాప మీ ఇంట్లో, చుక్కాని మా ఇంట్లో ఉంచుకున్నాం. ఆ ముచ్చట ఇక చాలు. తెరచాప పంపు. ఒంటరిగానే వెళ్తాను.

నీ బావ

బావా,

రూలు రూలే. డెబ్బై నాలుగేళ్ళవాడివి, ఒక్కడివీ నీళ్ళ మీదికి ఏంటి? తెరచాప పంపను. మా ఇంటికీ రాకు.

కార్యదర్శి

కార్యదర్శి గారికి,

సంతకం చూశాను. బావ పోయి కార్యదర్శి మిగిలాడన్నమాట! ఏరు దాటి తెప్ప తగలేసే రకమని నాకెప్పుడో తెలుసు. క్లబ్బు కప్పు పందెంలో చేతిలోని తెరచాప తాడు వదిలేసి, పడవ బోల్తా పడితే "చుక్కాని పట్టినవాడిదే తప్పు" అని ఊరంతా చాటావు. ముప్పై ఏళ్ళు దిగమింగాను. ఇక నాకు ఉత్తరాలు రాయకు.

క్లబ్బు సభ్యుడు

ప్రియమైన బావా,

రాయొద్దన్నావు, వారం ఆగాను. ఒకే ఇంటివాళ్ళన్న రూలు పైనుంచి రాలేదు. నాకు దగ్గు మొదలైన రోజున నేనే రాశాను. దగ్గని చెబితే "నీ దగ్గు నాకు కొత్తా" అంటూ వచ్చి పక్కన కూర్చునేవాడివి. నీ మొండితనానికి మందు నీ కోపమొక్కటే. అందుకే రేపాను.

మీ చెల్లాయి పక్క గదిలో బాగానే ఉంది. తలుపు సందులోంచి పోట్లాడుకుంటున్నాం. రేపు నన్ను ఆస్పత్రిలో చేర్చుకుంటారు. తెరచాప పంపుతున్నాను. ఒక్కడివే లాగగలిగేంత చిన్నదయ్యేలా తను అడుగున మడిచి కుట్టింది.

అన్నట్టు, ఆ తాడు వదిలింది నేనే.

నీ బావ

ప్రియమైన బావా,

ఈ ఉత్తరం తెరచాప సంచిలో పెడుతున్నాను. ఇంకెక్కడికి పంపను?

నిన్ను సాగనంపిన రోజున నన్నొక గీత మీద, చెల్లాయిని ఇంకో గీత మీద నిలబెట్టారు. అన్ననై ఉండీ దాని భుజం మీద చెయ్యి వెయ్యలేకపోయాను. తాడు సంగతి నాకు ముందే తెలుసు. నువ్వు ఒప్పుకోకుండా ఉంటే తిట్టుకోవడానికైనా ఏదో మిగిలేది.

చెల్లాయి వేసిన కుట్లు దాని చేతే విప్పించాను.

"ఎందుకన్నయ్యా, ఒక్కడివీ లాగలేవు" అంది.

"తెలుసమ్మా" అన్నాను.

చుక్కాని కూడా మీ ఇంట్లోనే పెట్టి వచ్చాను.

నిన్న కొత్త కార్యదర్శి గోడ మీది కాగితం మార్చాడు. ఇకనుంచి ఒక పడవలో రెండిళ్ళవాళ్ళు వెళ్ళవచ్చట.

నీ బావ